ఎందుకు కాదో చెప్పాలి

ముషాయిరాలో ఎవరూ ఓడిపోరు. షాయర్ షేర్ చదువుతాడు. నచ్చితే సభ 'వాహ్ వా' అంటుంది. ఇంకా నచ్చితే 'ముకర్రర్' అని మళ్ళీ చదివించుకుంటుంది. నచ్చకపోతే ఊరుకుంటుంది. చిన్నవాళ్ళు ముందు చదువుతారు, ఉస్తాదులు ఆఖర్న చదువుతారు. వెనకటి రోజుల్లో షమా ఎవరి ముందుకొస్తే వాళ్ళు గొంతు సవరించుకునేవాళ్ళు. అక్కడ పోటీ లేదని కాదు. తర్‌హీ ముషాయిరా అంటేనే పోటీ. ముందుగా ఒక మిస్రా ఇస్తారు. అందరూ అదే బహర్‌లో, అదే కాఫియా రదీఫ్‌లతో గజల్ రాసుకొస్తారు. మన అవధానంలో సమస్యాపూరణం దీనికి దగ్గరి చుట్టం. పృచ్ఛకుడు ఒక పాదం ఇస్తాడు, అవధాని మిగతా పద్యం కట్టుకుంటూ వచ్చి ఆ పాదం దగ్గర ఆగుతాడు. ఒకే కొలత మీద పదిమందిని నిలబెడితే ఎవరెంతో సభకి తెలిసిపోతుంది. అయినా ఎవరూ మార్కులు వెయ్యరు. 'నువ్వు కాదు' అని ఎవరికీ చెప్పరు.

కవితల పోటీ అలా కాదు. అక్కడ ముగ్గురికి శాలువా కప్పుతారు, 87 మందిని ఇంటికి పంపుతారు. ఆ 87 మందికి ఏం చెప్పి పంపుతున్నాం అన్నదే ఈ వ్యాసం.

మేం అంటే ఓ పదిమందిమి. పత్రికల్లో పనిచేసేవాళ్ళం, టీచర్లం, టైలర్లం, జిరాక్స్ షాపు నడిపేవాళ్ళం. ఇళ్ళల్లో ఉర్దూ, వీధిలో తెలుగు, రెండింట్లోనూ కలలు కనేవాళ్ళం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. ఆ తర్వాతి ఏడాది డిసెంబర్ 6 వచ్చింది. 1998లో 'జల్‌జలా' సంకలనం వచ్చింది. అప్పటిదాకా నోట్‌బుక్కుల ఆఖరి పేజీల్లో రాసుకున్న మా పిల్లలు ధైర్యంగా ముందు పేజీల్లో రాయడం మొదలుపెట్టారు. వాళ్ళని ఒక చోటికి తేవడానికి పోటీ పెట్టడం తేలిక. నడపడం కష్టం. చందా రసీదు పుస్తకం, అద్దెకి తెచ్చిన మైకు, ఎవరో ఇచ్చిన షాదీఖానా హాలు. జీతం తీసుకునేవాళ్ళు ఎవరూ లేరు. జీతం లేనివాడి తీర్పుని ఎవరు ప్రశ్నిస్తారు? 'పాపం, ఇల్లు వదిలి పనిచేస్తున్నారు' అంటారు. సరిగ్గా అక్కడే ప్రమాదం వుంది. సేవ చేస్తున్నామన్న మాట వెనక ఎంత అన్యాయమైనా దాక్కోగలదు.

మాకు ఈ సంగతి మిగతావాళ్ళకంటే బాగా తెలియాలి. ఎందుకంటే కారణం చెప్పని 'లేదు' మా బతుకులో రోజూ వినే మాట. 'ఇల్లు అద్దెకివ్వబడును' అని బోర్డు వుంటుంది. మేం పేరు చెప్పేదాకా ఇల్లు ఖాళీగానే వుంటుంది. చెప్పిన నిమిషంలో ఎవరో అడ్వాన్సు ఇచ్చేసి వుంటారు. ఇంటర్వ్యూ బాగానే జరుగుతుంది, 'కబురు చేస్తాం' అంటారు. ఆ కబురు ఏ దారిలో తప్పిపోతుందో తెలీదు. నువ్వు ముస్లింవి కాబట్టి ఇవ్వం అని ఎవరూ మొహం మీద అనరు. అంటే కోట్లాడొచ్చు. అనరు కాబట్టి ఇంటికొచ్చి మనల్ని మనమే తవ్వుకుంటాం. మాటలో తేడా వచ్చిందా? గడ్డమా? బుర్ఖా వేసుకున్న అమ్మ పక్కనుండటమా? కారణం తెలియని తిరస్కారం మనిషిని లోపల్నించి తింటుంది.

ఇంత తిన్నవాళ్ళం మేం ఇంకొకరికి అదే పెట్టకూడదు గదా. అందుకని మొదట పెట్టుకున్న నియమం బహుమతుల గురించి కాదు, తిరస్కారం గురించి. ఎవర్ని కాదన్నా ఎందుకు కాదన్నామో చెప్పగలగాలి. మిగతా పద్ధతులన్నీ దాన్లోంచి పుట్టాయి.

మొదటి పని పేరు తియ్యడం. కవిత ఒక కాగితం మీద, పేరూ చిరునామా ఇంకో కాగితం మీద. రెంటికీ ఒకే నంబరు. పేర్ల కాగితాలు కవర్లో పెట్టి అంటించి, జడ్జీలతో సంబంధం లేని ఒకరి బీరువాలో పెట్టాలి. వినడానికి ఇంతే. చెయ్యబోతే తెలుస్తుంది. ఇప్పుడు సగం కవితలు వాట్సాప్‌లో వస్తాయి. కవితతో పాటు పంపినవాడి ఫోటో కూడా వచ్చి కూర్చుంటుంది. అందుకని కవితలు అందుకునే ఫోను ఒక్కరి దగ్గరే వుండాలి, ఆ ఒక్కరూ తీర్పులో నోరెత్తకూడదు. చేతిరాత కూడా పేరే. జడ్జిగా కూర్చున్న టీచరు తన క్లాసు పిల్లాడి 'క్ష'ని చూసి పోల్చుకోగలడు. అందుకని తెలుగు కవితల్ని యూనికోడ్‌లో, ఉర్దూ కవితల్ని ఇన్‌పేజ్‌లో టైపు చేయిస్తాం. టైపు చేసేవాళ్ళకి ఒకే మాట చెప్తాం: అక్షర దోషం కనిపించినా దిద్దొద్దు. దిద్దితే అది ఇస్లాహ్ అవుతుంది. ఒకడి కవితకి ఇస్లాహ్ దొరికి ఇంకొకడికి దొరక్కపోతే పోటీ అక్కడే అయిపోయింది.

గజల్ దగ్గర ఇంకో చిక్కు. చివరి షేర్ మఖ్తా. అందులో షాయర్ తన తఖల్లుస్ పెట్టుకుంటాడు. అంటే పైన పేరు తీసేసినా కింద పేరు దర్జాగా కూర్చుని వుంటుంది. ఆ మాట ఒక్కటి కొట్టేద్దామా అంటే వజన్ చెడుతుంది. వజన్ చెడిందని మళ్ళీ మార్కు పోతుంది. అందుకని పోటీకి పంపే గజల్‌కి మఖ్తా వద్దన్నాం. సభలో చదివేటప్పుడు మఖ్తాతోనే చదవమన్నాం. కొందరు పెద్దలు మొహం చిట్లించారు. మఖ్తా లేని గజల్ తలపాగా లేని పెళ్ళికొడుకులా వుంటుందన్నారు. నిజమే. కానీ ఇది పెళ్ళి కాదు, సంబంధాలు చూసే రోజు.

పేరు తీసేస్తే అంతా సమానమైపోతుందా? ఇక్కడ మా సెక్యులర్ మిత్రులతో కాస్త మాట్లాడాలి. పేరు చూడకుండా చదివితే చాలు, కవిత కవితే కదా అంటారు వాళ్ళు. పేరు తియ్యగలం. అమ్మీని తియ్యగలమా? దస్తర్‌ఖాన్‌ని, లోబాన్ పొగని, ఫజర్ అజాఁని తియ్యగలమా? రెండో పంక్తిలోనే మేం ఎవరమో తెలిసిపోతుంది. శ్రావణ శుక్రవారం అని రాసిన కవితలోనూ మనిషి ఆనవాలు వుంది. కానీ అది ఆనవాలుగా ఎవరికీ కనపడదు. అది మామూలు. మాది ప్రత్యేకం. పేరు దాచడం అవసరమే, సందేహం లేదు. కాని దానితో పని అయిపోదు. అక్కణ్ణించే మొదలవుతుంది.

ఒక పోటీలో మేం చూసిన సంగతి చెప్తాం. ఒక కవిత వచ్చింది. నానీమా జానిమాజ్ గురించి. ఏళ్ళ తరబడి నమాజు చదివీ చదివీ రెండు మోకాళ్ళ దగ్గర నూలు అరిగిపోయి రెండు గుంటలు పడ్డాయి. నానీమా పోయాక ఆ జానిమాజ్ మీద ఎవరు నిలబడ్డా వాళ్ళ మోకాళ్ళు ఆ గుంటల్లో సరిపోవు. ఇదీ కవిత. జడ్జీలు ముగ్గురు. ఒకాయన కవిత పక్కన పెట్టి అన్నాడు: "ఉర్దూ మాటలు ఎక్కువైనాయండీ. కనీసం కింద అర్థాలన్నా ఇవ్వాల్సింది." రెండో ఆయన మంచి మనిషి, అభ్యుదయవాది. ఆయన అన్నాడు: "మైనారిటీ అమ్మాయిలా వుంది. మనమే ప్రోత్సహించాలి. మొదటి బహుమతి ఇద్దాం, మంచి సందేశం వెళ్తుంది."

ఒకాయన తీసెయ్యమన్నాడు. ఇంకొకాయన నెత్తిన పెట్టుకుందామన్నాడు. ఆ రెండు గుంటల గురించి ఇద్దరూ ఒక్క మాట అనలేదు.

మొదటాయనకి చెప్పాల్సింది చాలా వుంది. జవాబు, ఫిర్యాదు, దరఖాస్తు, రసీదు, ఖర్చు, ఖాళీ. ఇవన్నీ ఎక్కణ్ణించి వచ్చాయి? వీటి కింద ఎవరన్నా అర్థాలు రాస్తున్నారా? కచేరీకి పనికొచ్చిన మాటలు తెలుగైపోయాయి. మా వంటింట్లోవి, మా నమాజు గదిలోవి మాత్రం ఇంకా వీసా కోసం నిలబడి వున్నాయి. రెండో ఆయనకి చెప్పాల్సింది అంతకంటే కష్టం, ఎందుకంటే ఆయన మన పక్షం. జాలితో వేసిన మార్కు కూడా కవిత చదవకుండా వేసిన మార్కే. 'సాయిబు అయ్యుండి ఎంత మంచి తెలుగు రాశాడో' అన్న మెప్పు కూడా అలాంటిదే. పిఠాపురంలో ఉమర్ ఆలీషా ఖయ్యామ్ రుబాయీలని పారశీకం నించి తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. దాశరథి గాలిబ్‌ని తెలుగు చేశాడు. సి. నారాయణరెడ్డి ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో గజళ్ళు రాశాడు. నిజాం కొలువులో ప్రధానిగా చేసిన మహారాజా కిషన్ పర్షాద్ 'షాద్' అనే తఖల్లుస్‌తో ఉర్దూ కవిత్వం రాశాడు. వీళ్ళ ఉర్దూని ఎవరూ ఆశ్చర్యంగా చూడరు. చూడకూడదు కూడా. మా తెలుగుకీ ఆ మర్యాదే కావాలి. ఎక్కువొద్దు, తక్కువొద్దు.

అందుకని జడ్జీలకి కవితల కట్టతో పాటు ఒక కాగితం ఇస్తాం. అందులో నాలుగు ప్రశ్నలు. చెప్పింది కళ్ళ ముందుకొచ్చిందా? ప్రతి మాటా అక్కడ వుండాల్సిందేనా? ఎత్తుకున్నది చివరిదాకా నిలబడిందా? ఇంతకుముందు వినని సంగతి ఏమన్నా విన్నామా? గజల్‌కైతే వీటితో పాటు వజన్, కాఫియా, రదీఫ్ చూడమంటాం. వచన కవితకి ఆ తూకం పెట్టొద్దంటాం. వస్తువుకి మార్కుల్లేవు. దేవుడి మీద రాసినా, దర్జీ మిషను మీద రాసినా ఒకటే. ఇంకో నియమం: తెలియని మాట కనపడితే మార్కు తియ్యకూడదు, అడగాలి. ఒకరు అడిగితే ఆ అర్థం ముగ్గురికీ చెప్తాం. ఇది ఉర్దూ మాటకే కాదు. శ్రీకాకుళం మాటకీ, సీమ మాటకీ ఇదే.

జడ్జీల దాకా వచ్చేలోపే చచ్చిపోయే కవితలు వున్నాయి. అది ఎవరికీ కనపడని తీర్పు. 90 కవితలొస్తే ముగ్గురు జడ్జీలకి అన్నీ ఇవ్వడం కష్టమని, కార్యకర్తలే ముందు జల్లెడ పట్టి 30 ఇస్తారు చాలాచోట్ల. బహుమతుల గురించి కొట్లాడేవాళ్ళు ఈ జల్లెడ గురించి అడగరు. ఒక సాయంత్రం చాయ్ తాగుతూ ఒక మనిషి 60 మందిని కాదనేస్తాడు. మా పద్ధతి ఏమిటంటే, ఏ కవితనైనా ఇద్దరు విడివిడిగా చదవాలి. ఇద్దరూ వద్దంటేనే పక్కకి పెట్టాలి. ఒక్కరు కావాలన్నా అది జడ్జీల దగ్గరికి పోవాలి. కట్ట కూడా అందరికీ ఒకే వరసలో ఇవ్వం. ఒకరికి ముందునించి, ఒకరికి వెనకనించి, ఒకరికి మధ్యనించి. అలసిపోయిన కళ్ళతో చదివించుకునే దురదృష్టం ఎప్పుడూ ఒకే కవితకి పట్టకూడదు.

ఇక మార్కుల లెక్క. కవిత్వంలో లెక్కలేమిటని నవ్వేవాళ్ళు దీన్ని కాస్త చూడాలి. మూడు కవితలు, ముగ్గురు జడ్జీలు అనుకుందాం. మొదటి జడ్జి 90, 60, 50 వేశాడు. రెండో జడ్జి 62, 66, 60. మూడో జడ్జి 60, 64, 61. కూడితే మొదటి కవితకి 212, రెండోదానికి 190, మూడోదానికి 171. మొదటి కవిత గెలిచింది. కానీ చూడండి, ముగ్గురిలో ఇద్దరికి రెండో కవితే అన్నిటికంటే నచ్చింది. చెయ్యి జారవిడిచి మార్కులేసే ఒక్కడు, చెయ్యి బిగబట్టుకునే ఇద్దర్ని ఓడించాడు. అతనికి చెడ్డ ఉద్దేశం వుండనక్కర్లేదు. అలవాటు చాలు. అందుకని మార్కులు కూడం. ఎవరి వరస వాళ్ళని రాయమంటాం: ఒకటి, రెండు, మూడు. ఆ స్థానాలని కూడితే మొదటి కవితకి 6, రెండోదానికి 4, మూడోదానికి 8. తక్కువ వచ్చింది రెండో కవితకి. అదే గెలుస్తుంది. రెండు కవితలకి సమానంగా వస్తే బహుమతి పంచుతాం. చీటీ వెయ్యం.

ఇంతదాకా బయటివాళ్ళ సంగతి మాట్లాడినట్టుంది. మాలోపల సంగతి మాట్లాడకపోతే ఈ వ్యాసం రాయకూడదు. మాలో ఉర్దూ అదబ్ తెలిసిన పెద్దలున్నారు. వాళ్ళ ముందు మేం చేతులు కట్టుకునే నిలబడతాం. కానీ 'తెలుగులో రాసింది మన అదబ్ ఎలా అవుతుంది' అని వాళ్ళు అన్నప్పుడు చేతులు విప్పుతాం. దూదేకుల, నూర్‌బాషీయుల ఇళ్ళల్లో ఎంతోమందికి తెలుగే అమ్మ భాష. వాళ్ళకి ఉర్దూ రాదని వాళ్ళ ముస్లింతనాన్ని తూకం వేసేవాళ్ళు మసీదు మెట్ల మీదా వున్నారు, సాహిత్య సభల్లోనూ వున్నారు. బయటివాళ్ళు మమ్మల్ని 'మీరు నిజంగా తెలుగువాళ్ళేనా' అన్నట్టు చూస్తారని ఏడ్చే మేం, మావాళ్ళని 'మీరు నిజంగా ముస్లిములేనా' అన్నట్టు చూస్తాం. రెండూ ఒకే చూపు. మా పోటీలో తెలుగుకీ ఉర్దూకీ రెండు విభాగాలు, రెంటికీ ఒకే బహుమతి, ఒకే సభ. ఉర్దూ మాట్లాడతాడు గాని లిపి రాని పిల్లాడు తెలుగు అక్షరాల్లో ఉర్దూ కవిత రాస్తే తీసుకుంటాం. లిపి రాకపోవడం వాడి నేరం కాదు. ఆ బడి వాడికి దొరకలేదు.

దక్కనీ కథ ఇంకోటి. గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా దీవాన్ కట్టుకున్న భాష అది. ఇప్పుడు స్టేజీ మీద 'హౌ' అన్నా 'నక్కో' అన్నా సభ నవ్వడానికి సిద్ధమైపోతుంది. సులేమాన్ ఖతీబ్ ఆ భాషలోనే నవ్విస్తూ నవ్విస్తూ పేద ఇళ్ళ కష్టం గొంతులో అడ్డం పడేట్టు చెప్పాడు. అయినా దక్కనీని మజాహియా గదిలో పెట్టి తలుపేశాం. మా అమ్మలు ఏడ్చిన భాష మాకు హాస్యం ఎలా అయింది? అందుకని దక్కనీ కవితని హాస్య విభాగంలోకి తోసెయ్యకూడదని రాసుకున్నాం. ఉర్దూ కవితగానే చదవాలి, కాఫియా మీదే కొలవాలి.

ఆడవాళ్ళు. హైదరాబాదులో మహ్ లఖా బాయి చందా 1824లో చనిపోయింది. ఉర్దూలో దీవాన్ వున్న తొలి కవయిత్రుల్లో ఆమె ఒకరు. ఆమె ఊరి వారసులం అని చెప్పుకునే మేం సభని ఇషా తర్వాత పెడితే, ఆడవాళ్ళు రాలేదని మళ్ళీ మేమే అంటే ఎలా? సభ జొహర్‌కీ అసర్‌కీ మధ్య పెడితే అమ్మాయిలు వస్తారు, అమ్మలూ వస్తారు. కవి స్వయంగా స్టేజీ మీద చదవాలన్న నియమం తీసేశాం. చదవడం ఇష్టం లేకపోతే అక్కో, స్నేహితురాలో చదవొచ్చు. ఇది మర్యాద కోసం మాత్రమే కాదు. తీర్పులో గొంతుకి వాటా వుండకూడదనే లెక్క కూడా. తరన్నుమ్‌లో పాడితే మామూలు షేర్ కూడా మెరుస్తుంది. తహత్‌లో, అంటే రాగం లేకుండా చదివేవాడికి ఆ అత్తరు లేదు. స్నేహితుల్ని పాతికమందిని వెంటబెట్టుకొచ్చినవాడికి 'వాహ్ వా'లు కూడా పాతిక ఎక్కువ. అందుకని సభ మొదలుకాకముందే తీర్పు కాగితాలు కవర్లో పడిపోవాలి. సభ వేడుక కోసం, కాగితం తీర్పు కోసం.

ఉస్తాద్ శాగిర్ద్ సంబంధం మా కవిత్వానికి ప్రాణం. ఢిల్లీ నించి వచ్చిన దాగ్ ఆరో నిజాంకి ఉస్తాద్‌గా వుండి, 1905లో హైదరాబాదులోనే కన్నుమూశాడు. రాజైనా సరే, ఉస్తాద్ ముందు గజల్ పెట్టి ఇస్లాహ్ తీసుకోవాల్సిందే. ఇంత గొప్ప సంబంధం తీర్పు బల్ల దగ్గర మాత్రం బరువైపోతుంది. తను దిద్దిన గజల్‌కి తనే జడ్జి అయితే ఉస్తాద్ ఎవరికి మార్కులేస్తున్నట్టు? అందుకని దరఖాస్తులో ఒక గడి పెట్టాం: ఎవరి దగ్గరన్నా ఇస్లాహ్ తీసుకున్నారా, ఎవరి దగ్గర? ఇస్లాహ్ తీసుకోవడం తప్పు కాదు, మార్కు పోదు. ఆ ఉస్తాద్ మాత్రం ఆ కవితని ముట్టుకోడు. చుట్టాలకీ, ట్యూషన్ పిల్లలకీ ఇదే. ఒక చిన్న ఊళ్ళో ఎవరికీ ఏమీ కాని ముగ్గుర్ని వెతకడం కష్టం కాబట్టి ఒక జడ్జిని పక్క జిల్లా నించి పిలుస్తాం. నాలుగో మనిషిని సిద్ధంగా వుంచుకుంటాం. ఎవరు లేచి పక్కకెళ్ళినా ఆ కవిత ఆయన చదువుతాడు. లేచి వెళ్ళడం అవమానం అనుకునేవాళ్ళని జడ్జీలుగా పిలవం.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. చందా ఇచ్చినాయన మనవడు పోటీలో వుంటాడు. మైకు ఇచ్చినాయన స్టేజీ మీద రెండు మాటలు మాట్లాడతానంటాడు. ఎలక్షన్ల ముందైతే ఎవరో ఒకరు వచ్చి మొత్తం ఖర్చు మాదే అంటారు. మాది పేద పోటీ, చేయి చాచక తప్పదు. చాచిన చేతిలో కలం వుండకూడదు, అంతే. ఇచ్చినవాళ్ళ పేర్లు, ఇచ్చిన మొత్తం, పెట్టిన ఖర్చు ఒక చార్టు మీద రాసి హాలు గోడకి అంటిస్తాం. బహుమతి మాత్రం జడ్జీల చేత ఇప్పిస్తాం.

ఇప్పుడు ఆ జానిమాజ్ కవిత దగ్గరికి వద్దాం. అది ఆఖరికి ఏమైందో చెప్పలేదు. ముగ్గురూ ప్రశ్నల కాగితం ముందు పెట్టుకుని మళ్ళీ చదివారు. అర్థం అడగాల్సిన మాటలు రెండే తేలాయి. వరసలు రాశారు. కూడితే ఆ కవిత నాలుగో స్థానంలో ఆగింది. బహుమతి రాలేదు. సభ అయ్యాక ఆ అమ్మాయి, డిగ్రీ చదువుతోంది, కుర్చీలు మడత పెడుతున్న మా దగ్గరికి వచ్చి నిలబడింది.

"చాచా, నాకెందుకు రాలేదు?"

పక్కనున్న ఒకాయన "నాలుగో స్థానం అంటే తక్కువా బేటీ, మాషా అల్లా" అన్నాడు. ఆ అమ్మాయి కదల్లేదు. అడిగింది ఓదార్పు కాదు. జడ్జీల చీటీలు తీసి ఇచ్చాం. అందులో ఒక చీటీ మీద ఇలా వుంది: 'రెండు గుంటల దగ్గర కవిత అయిపోయింది. తర్వాతి పన్నెండు పంక్తులు మాకు అర్థం కాదేమోనని రాసినట్టున్నాయి.' నిజమే, ఆ పన్నెండు పంక్తుల్లో నానీమా పోయి ఉపన్యాసం వచ్చింది. మేమూ ఈ దేశం వాళ్ళమే, ఈ మట్టిలోనే సజ్దా చేశాం అని.

ఆ అమ్మాయి చీటీ రెండుసార్లు చదువుకుంది. "అర్థం కాదేమోనని కాదు చాచా" అంది. "నమ్మరేమోనని రాశాను."

మా దగ్గర దానికి జవాబు లేదు. తీర్పు మారలేదు, మార్చకూడదు. కవితగా ఆ పన్నెండు పంక్తులు బలహీనమే. కానీ ఆ బలహీనత ఆ అమ్మాయి ఒక్కదానిదే కాదు. ఎక్కడికెళ్ళినా రుజువు కాగితాలు జేబులో పెట్టుకుని బయల్దేరే అలవాటు మా అందరిదీ. అది కవితలోకి కూడా వచ్చేసింది. నానీమా మోకాళ్ళ గుర్తుల కంటే పెద్ద రుజువు ఏముంటుంది? అక్కడ ఆగిపోయే ధైర్యం మా పిల్లలకి రావాలంటే, చదివేవాళ్ళు నమ్ముతారన్న భరోసా ముందు వాళ్ళకి దొరకాలి. ఆ భరోసా పోటీలు ఇవ్వలేవు. చదివేవాళ్ళు ఇవ్వాలి. ఈ పుస్తకం చేతిలో పట్టుకున్నవాళ్ళు ఇవ్వాలి.

మా చేతిలో వున్నది చిన్న పని. ఆ అమ్మాయి చీటీలు జాగ్రత్తగా బ్యాగులో పెట్టుకుని వెళ్ళింది. ఓడిపోయి కూడా ఏదో తీసుకుని వెళ్ళింది. అద్దె ఇల్లు దొరకనివాళ్ళకి, కబురు రానివాళ్ళకి అలాంటి చీటీ ఎవరూ ఇవ్వరు. మేం ఇవ్వగలం. 90 కవితలకి కారణాలు రాయడం అంటే రాత్రులు పోతాయి, జడ్జీలు విసుక్కుంటారు, కొందరు మళ్ళీ రామంటారు. ఫరవాలేదు. వచ్చే పోటీ నిబంధనల్లో ఒక వాక్యం చేర్చాం: అడిగినా అడక్కపోయినా, బహుమతి రాని ప్రతి కవితకీ ఎందుకు రాలేదో రాసిస్తాం. తెలుగులోనూ ఉర్దూలోనూ అచ్చువేసి షాదీఖానా గోడ మీద, చందా లెక్కల పక్కనే అంటించాం. ఇక మేం తప్పించుకోలేం.